నిల్వయు విసర్జనయు: తాటియాకు మొదలు చేతిఫోను వరకు

గ్రంథాలయమనగా పుస్తకములు పేర్చిన గది యని సామాన్యముగా తలంతురు. కాని ఏ గ్రంథాలయమునకైనను పనులు రెండు. ఉంచవలసినదానిని ఉంచుట యొకటి, విడువవలసినదానిని విడుచుట రెండవది. మొదటి పని అందరికిని కనబడును. రెండవది తలుపులు మూసిన పిదప జరుగును గనుక ఎవరికిని కనబడదు. బీరువాలు కొన్నియే, వచ్చు పుస్తకములు అనేకములు. దేనిని తీసి దేనికి చోటిచ్చితిమో దానినిబట్టియే గ్రంథాలయము విలువ తేలును.

మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొన్న ఈ శుభసమయమున, కవులను గూర్చియో దాతలను గూర్చియో వ్రాయక, ఫోనులో చోటు ఖాళీ చేయుటను గూర్చి వ్రాయబూనుట చదువరులకు వింతగా తోపవచ్చును. కాని విచారించి చూడుడు. నేడు గోదావరిఖనిలో మొదటి షిఫ్టునకు పోవు కార్మికుని జేబులో, పొలమునకు పోవు రైతు రొండిన, కళాశాలకు పోవు బాలిక చేతిలో ఒక్కొక్క చిన్న భాండాగారమున్నది. పెండ్లి ఫోటోలు, పట్టాదారు పాసుపుస్తకపు నకలు, పింఛను కాగితములు, చనిపోయిన పెద్దల మాటలు, పిల్లల పాఠములు అన్నియు అందే యున్నవి. ఆ భాండాగారము నిండిపోవుచున్నది. స్టోరేజి నిండినది, కొంత తీసివేయుడని ఫోను హెచ్చరించుచున్నది. మన పఠనమందిరమునకు పత్రికలు చదువ వచ్చువారు నన్నడుగు ప్రశ్నలలో నేడు తరచైనది ఇదియే: ఏది తీసివేయవలెను?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన పూర్వులు రాతిమీద, ఆకుమీద, రాగిమీద, కాగితముమీద వ్రాసినప్పుడెల్ల దీనిని ఎదుర్కొనిరి. వారు తేల్చిన క్రమము ఫోనునకును చెల్లునని నా యభిప్రాయము. ఆ చరిత్రను సంగ్రహముగా చెప్పి, పిదప ఆండ్రాయిడు ఫోను సంగతికి వచ్చెదను.

రాయి, ఆకు, రాగిరేకు

మన ప్రాంతమున మిక్కిలి గట్టి నిల్వ రాతిది. గంగాధర మండలమున కురిక్యాల యొద్ద బొమ్మలగుట్టమీద పదియవ శతాబ్దిలో జినవల్లభుడు చెక్కించిన శాసనమున్నది. అతడు కన్నడ మహాకవి పంపని తమ్ముడు. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటను చెక్కించిన ఆ శాసనమందలి తెలుగు కందపద్యములు వేయేండ్లు దాటినను మనకు దక్కినవి. రాతిమీద చోటు తక్కువ, శ్రమ యెక్కువ. ఉలి పట్టించువాడు ప్రతి మాటను తూచి చెక్కించును. చోటు తక్కువైన చోట ఎన్నిక తప్పదు.

ఎన్నిక యనగానే హాలుడు జ్ఞప్తికి రావలెను. మన గోదావరి యొడ్డుననే కోటిలింగాల కలదు. అచ్చట సాతవాహన వంశపు తొలి రాజు సిముకుని నాణెములు దొరికినవి. ఆ వంశమునకే చెందిన హాలుడు ప్రాకృత భాషలో గాథాసప్తశతిని కూర్చెను. కోటి గాథలనుండి ఏడువందలు ఏరినట్లు ఆ గ్రంథమందే చెప్పబడినది. కోటి యను సంఖ్య అతిశయోక్తి కావచ్చును. గ్రహింపవలసినది వేరు. విడిచిన వానికై హాలుని ఎవరును నిందింపలేదు. ఏరిన ఏడువందలకై లోకము అతనిని నేటికిని తలచుచున్నది. విసర్జన చేతగానివానికి సంకలనము చేతగాదు.

పిదప తాటియాకు కాలము. లేత యాకులను ఉడికించి, ఆరబెట్టి, గంటముతో గీచి, మసి పూసి, నడుమ త్రాడు గ్రుచ్చి, పైని క్రిందను చెక్కపలకలు పెట్టి కట్టెడివారు. ఆకునకు పురుగు, తడి, నిప్పు అని శత్రువులు మూడు. కనుక కొన్ని తరములకొకసారి క్రొత్త ప్రతి వ్రాసికొనక తప్పదు. ప్రతి సిద్ధమైన పిమ్మట శిథిలమైన ప్రాత యాకులను నదిలో విడుచు ఆచారము కలదు. ఇందలి క్రమమును చదువరులు గమనింపవలెను. మొదట ప్రతి వ్రాయుట, పిదప మూలముతో సరిచూచుట, ఆ పిదపనే పరిత్యాగము. ఈ క్రమము తప్పిన చోట్ల ఎన్నియో గ్రంథములు మనకు లేకుండ పోయినవి. నన్నెచోడుని కుమారసంభవము సంగతి చూడుడు. తంజావూరు సరస్వతీ మహలునందలి తాళపత్రములనుండి మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటించువరకు అట్టి కావ్యమొకటి యున్నదని మనవారికి తెలియదు. ఎచ్చటనో ప్రతి మిగిలి యుండబట్టి ఆ కవి మనకు బ్రతికెను.

మన రామగిరినే చూడుడు. నేడు సింగరేణివారి సెంటినరీ కాలనీకి దాపుననున్న ఆ కోటను ఏలిన ప్రభువుల మంత్రి కందనామాత్యుడు. అతని యాదరము పొందిన కవి మడికి సింగన. పదునాలుగు, పదునైదవ శతాబ్దుల సంధికాలమువాడు. సకలనీతిసమ్మతమను పేర ప్రాచీన నీతిగ్రంథములనుండి పద్యములను ఏరి, విషయములవారీగా కూర్చినవాడు అతడే. అతడు వాడుకొన్న గ్రంథములలో ముద్రామాత్యము, నీతిభూషణము వంటివి నేడు దొరకుటలేదు. మూలములు పోయినవి, సింగన ఏరినవి మిగిలినవి. ఏరి పెట్టువాడు లేకున్న ఆ కొంతయు దక్కియుండదు.

రాగిరేకుల చరిత్రయు ఇట్టిదే. తాళ్లపాక అన్నమాచార్యుడు 1408 మొదలు 1503 వరకు జీవించెను. ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించెనని ప్రసిద్ధి. వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల యాలయమున సంకీర్తన భాండాగారమను గదిలో ఉంచిరి. ఇరువదియవ శతాబ్దిలో ఆ రేకులు వెలికివచ్చి పరిష్కరింపబడి అచ్చాయెను. నేడు లభించినవి ఆ సంఖ్యలో సగమునకు లోపే. రాగి చెడదు, నిజమే. కాని ఏ వస్తువైనను ఒక్కచోటనే యున్నచో, ఆ చోటు మరుగుపడినప్పుడు అదియు మరుగుపడును.

పందొమ్మిదవ శతాబ్దిలో కడపలో బ్రౌను దొర చేసిన పని ఈ దోషమునకు విరుగుడు. ఆయన ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులను పెట్టి పాఠములు పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. జీతములిచ్చి వ్రాయసగాండ్రను పోషించెను. ప్రతిని మించిన రక్షణ లేదని ఆయన ఎరుగును.

కాగితము, కచేరి

లెక్కలు వ్రాయుట నా వృత్తి గనుక కాగితమును గూర్చి రెండు మాటలు చెప్పెదను. కచేరిలో కాగితములు దినదినము పెరుగును. అన్నిటిని ఉంచినచో గది చాలదు. అన్నిటిని తగులబెట్టినచో రైతు కొంప మునుగును. కనుక రెవిన్యూ కచేరీలలో పరిష్కారమైన కాగితములను తరగతులుగా విభజించు పద్ధతి యేర్పడినది. శాశ్వతముగా ఉంచవలసినదానికి ఆర్.డిస్. అని, పదేండ్లు ఉంచవలసినదానికి డి.డిస్. అని, ఒక యేడు చాలినదానికి ఎల్.డిస్. అని గురుతు. కాగితమును మూటగట్టు దినముననే దాని ఆయుర్దాయము వ్రాయబడును. తీసివేయు దినమున మరల తర్కింప బనిలేదు.

ఈ విభజనలో ఎంత జాగ్రత్త కావలయునో తెలుపుటకు ఖాస్రా పహాణీ చాలును. 1954–55లో తెలంగాణ గ్రామములందు తయారైన ఆ లెక్క నేటికిని భూమి తగాదాలలో మూలాధారముగా చూపబడుచున్నది. ఏ గ్రామమునందైనను ఆ పుటలు చినిగిపోయినచో ఆ సర్వే నంబరు వారసులు పడు పాట్లు మనకు తెలియనివి కావు. ప్రాతది యగుట పనికిమాలినదగుటకు గురుతు కాదు. క్రొత్తది యగుట ముఖ్యమైనదగుటకును గురుతు కాదు.

తుడుపునుబట్టి వచ్చిన పేరు

ఇక యంత్రముల సంగతి. 1956లో అమెరికాలో ఐ.బి.యం. సంస్థవారు తిరుగు పళ్లెములతో కూడిన తొలి నిల్వయంత్రమును వెలువరించిరి. రెండేసి అడుగుల వెడల్పు గల యాబది పళ్లెములు, టన్నుకు మించిన బరువు. దానిలో పట్టినవి యాబది లక్షల అక్షరములు. నేటి ఫోను తీసిన ఒక్క పెద్ద ఫోటోకు ఆ చోటు చాలదు.

మన ఫోనులలోనున్న నిల్వకు ఫ్లాష్ మెమరీ యని పేరు. జపానులో తోషిబా సంస్థయందు పనిచేసిన ఫుజియో మసువోకా దానిని కనిపెట్టి 1984లో లోకమునకు తెలిపెను. నేటి ఫోనులలో వాడు నాండ్ రకము 1987లో వెలువడెను. ఇందు ఒక చిత్రమున్నది. దీనిలోని వ్రాతను ఒక్కసారిగా తుడిచివేయుట కెమెరా మెరుపువలె నున్నదని తోడి పరిశోధకుడొకడు అనగా, మెరుపు అను అర్థమిచ్చు ఫ్లాష్ అను పేరు నిలిచినది. అనగా ఈ వస్తువునకు పేరు వచ్చినది వ్రాతనుబట్టి కాదు, తుడుపునుబట్టి. పలక తుడిచినట్లు ఒక్కొక్క అక్షరము తుడువబడదు. గంప గంపగా తుడిచి, పిదప వ్రాయవలెను. కనుకనే నిల్వ పూర్తిగా నిండవచ్చినప్పుడు ఖాళీ గంపలు దొరకక ఫోను మందగించును.

మన గ్రంథాలయము పుట్టిననాటికి ఆండ్రాయిడు అను సంస్థయే లేదు. అది 2003లో అమెరికాలో ఏర్పడెను. 2005లో గూగులు సంస్థ దానిని కొనెను. 2008లో తొలి ఆండ్రాయిడు ఫోను అమ్మకమునకు వచ్చెను. దాని లోపలి నిల్వ 256 ఎం.బి. మాత్రమే. 2014 సెప్టెంబరులో మన దేశమున సామాన్యులకొరకు విడుదలైన ఆండ్రాయిడ్ వన్ ఫోనులలో 4 జి.బి. యుండెను. అందును కొంత యంత్రమే మ్రింగగా మనకు మిగిలినది కొంచెము. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన పిదప ఇంటర్నెట్టు చౌకయై, ఊరూర వీడియోలు పారినవి. కాలువ పెద్దదాయెను, చెరువు చిన్నదిగనే యుండెను.

అప్పుడు వచ్చినవి ఉదయపు శుభాకాంక్షలు. తెల్లవారకముందే గులాబీ పువ్వు, ఉదయించు సూర్యుడు, దేవుని పటము, క్రింద ఒక హితవాక్యము. పంపినవాడు ప్రేమతోనే పంపును. కాని ఒక్క గ్రూపులో వందమంది యున్నచో మాటేమి? 2018 జనవరిలో అమెరికా పత్రికయగు వాల్ స్ట్రీట్ జర్నల్ ఈ సంగతిని ప్రపంచమునకు తెలిపెను. మన దేశమున స్మార్టుఫోను వాడువారిలో ముగ్గురికొకరికి దినదినము చోటు చాలుటలేదని, అమెరికాలో ఇది పదిమందికొకరికి మాత్రమేనని, ఒక నిల్వపరికరముల సంస్థ లెక్కను అందు ఉదహరించిరి. ఆ కొద్ది కాలము ముందే, 2017 డిసెంబరులో, గూగులువారు ఫైల్స్ గో అను యాప్‌ను విడుదల చేసిరి. అదియే నేటి ఫైల్స్ బై గూగుల్. ఇట్టి శుభాకాంక్షల పటములను, ఒకటికి రెండుగా నున్న ప్రతులను, మిక్కిలి పెద్ద ఫైళ్లను వెదకి చూపుట దాని పనులలో ముఖ్యము.

బరువు వేరు, విలువ వేరు

ఇచ్చట చిన్న లెక్క చెప్పవలసియున్నది. ఒక జి.బి. యనగా సుమారు నూరు కోట్ల బైట్లు. తెలుగు లిపిలోని ఒక్కొక్క గురుతునకు సాధారణముగా మూడు బైట్లు పట్టును. పుటకు 1,500 గురుతుల చొప్పున 200 పుటల పుస్తకమునకు మూడు లక్షల గురుతులు, తొమ్మిది లక్షల బైట్లు. అనగా ఒక ఎం.బి.కి లోపే. వేయి పుస్తకముల వ్రాత ఒక జి.బి.లో ఇముడును. మంచి నాణ్యతతో తీసిన ఒక నిమిషపు వీడియోకు నూరు ఎం.బి.కి పైగా పట్టవచ్చును. అనగా ఊరేగింపులో ఎవరో చేయి వణకుచు తీసిన ఒక నిమిషము నూరు పుస్తకముల చోటు ఆక్రమించును. వాట్సాపులో పెద్దలు పంపిన ఒక నిమిషపు మాటకు మూడు వందల కె.బి. కూడ పట్టదు.

ఈ లెక్క వలన తేలునదేమనగా, చోటునకును విలువకును సంబంధము లేదు. మనకు అమూల్యమైనవి సామాన్యముగా చిన్నవి. చోటు మ్రింగునవి సామాన్యముగా పనికిమాలినవి. కనుక ఫోనును ఖాళీ చేయువాడు బరువునుబట్టి వెదకవలెను, విలువనుబట్టి తీయవలెను. చిన్న చిన్న పాతబొమ్మలను వందలుగా తీసివేసినను చోటు దొరకదు. పెద్ద వీడియోలు పది తీసిన చాలును.

మన నేలకు ఇది మరింత ముఖ్యము. 1871లో భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగు దొర ఇల్లందు ప్రాంతమున బొగ్గును గుర్తించుట, 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడుట, 1920లో అది సింగరేణి కాలరీస్ యను పేరు దాల్చుట అందరికిని తెలిసినవే. పిదప రామగుండము ప్రాంతమునకు గనులు వచ్చినవి, వానితో వేలాది కుటుంబములు వచ్చినవి. ఓపెన్‌కాస్టు గనులు త్రవ్వినచోట ఊళ్లు లేచిపోయినవి. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయమున గోదావరి గట్టు మీది మరికొన్ని ఊళ్లు మునిగినవి. ఆ ఊళ్ల గుడులు, బడులు, చేదబావులు, బొడ్రాయి, వేపచెట్టు క్రింది గద్దె నేడెచ్చట నున్నవి? ఆనాటి చిన్న ఫోనులతో ఎవరో తీసిన మసక బొమ్మలలో నున్నవి. వానికి శాసనము లేదు, తాళపత్రము లేదు.

నేనెరిగిన ఒక యింట జరిగినది చెప్పెదను. గనికొరకు ఊరు విడిచి వచ్చిన వృద్ధురాలి ఫోనులో ఆమె పాత యింటి బొమ్మలు కొన్ని యుండెను. మనుమడు ఒక ఆటకు చోటు కావలసి, అన్నిటికన్న పాతవైన బొమ్మలను ఏరి తీసివేసెను. రెండు నెలలు గడచిన పిదప ఆమె అడుగగా, “పాతయే గదా అవ్వా, తీసేసిన” అనెను. “పాతయి గనుకనే గద బిడ్డా దాసుకున్న” అని ఆమె కంట తడిపెట్టెను. ఆమె తమ్ముడు మరియొక గ్రామమున నుండును. ఎన్నడో అతనికి పంపిన బొమ్మలు రెండు అతని ఫోనులో దొరికినవి. గడపయు, పెరటి జామచెట్టును ఆ రెండింటనే మిగిలినవి. ఆ బాలుడు దుష్టుడు కాడు. తేదీనిబట్టి తీసెను, అంతియే. నన్నెచోడుని కావ్యమును కాపాడినట్లే ఆ గడపను కాపాడినది వేరొక చోటనున్న ప్రతియే.

చేయవలసిన క్రమము

మొదట లెక్క చూడవలెను. సెట్టింగులలో స్టోరేజి అనుదానిని తెరచినచో ఫోటోలకెంత, వీడియోలకెంత, యాపులకెంత అని వేరువేరుగా చూపును. ర్యామ్ అనునది వేరు, స్టోరేజి వేరు. ర్యామ్ పని చేయు బల్ల వంటిది, స్టోరేజి బీరువా వంటిది. బల్ల సర్దినంత మాత్రమున బీరువా ఖాళీ కాదు.

రెండవది చిత్తు కాగితములు. ప్రతి యాపును వేగముకొరకు కొన్ని తాత్కాలిక ప్రతులను దాచుకొనును. దానికి క్యాషె యని పేరు. లెక్కలవాని బల్లమీది చిత్తు కాగితము వంటిది అది. క్లియర్ క్యాషె యని నొక్కినచో మన సొంత వస్తువులు పోవు. కాని దాని ప్రక్కనే క్లియర్ డేటా, లేక క్లియర్ స్టోరేజి యని మరియొకటి యుండును. అది చిఠా ఆవర్జాలను తగులబెట్టుట వంటిది. ఆ యాపు మన ఫోనులో వ్రాసికొన్నదెల్ల పోవును. రెండింటికిని భేదమెరిగి వ్రేలు పెట్టవలెను.

మూడవది వాట్సాపు. 2020 చివరనుండి దాని సెట్టింగులలో మేనేజ్ స్టోరేజ్ అనునది సులభముగా నున్నది. 5 ఎం.బి.కి మించినవి, పలుమార్లు పంపకమైనవి అందు వేరువేరుగా కనబడును. అందే మొదట చేయి పెట్టుట మేలు. అంతతో పని తీరదు. మన భూగర్భ గనులలో బొగ్గు తీసిన ఖాళీని గోదావరి ఇసుకతో పూనుకొని నింపుదురు. ఫోనులో ఖాళీ దానంతట అదియే నిండును. కనుక ఆటోమేటిక్ డౌన్‌లోడును ఆపివేసి, కావలసినదానినే మనము దింపుకొనవలెను.

నాలుగవది ప్రతి తీయుట. ఇందే పెక్కుమంది మోసపోవుచున్నారు. గూగుల్ ఫోటోసునందు బ్యాకప్ పూర్తియైన పిదప ఫ్రీ అప్ స్పేస్ అని నొక్కినచో, పైకి ప్రతి పోయిన బొమ్మలు మాత్రమే ఫోనునుండి తొలగును. ప్రతి అచ్చట నిలుచును. అట్లుగాక అదే యాపులో బొమ్మను డిలీట్ చేసినచో ఫోనులోనిదియు పైనున్నదియు రెండును పోవును. బ్యాకప్ అయినవి 60 దినములు, కానివి సాధారణముగా 30 దినములు చెత్తబుట్టలో నుండును. ఆ గడువు దాటిన పిదప వాని నడుగువారు లేరు. ఇంకొక సంగతి. ఆ నిల్వ హద్దు లేనిది కాదు. 2021 జూన్ 1వ తేదీవరకు ఒక విధమైన ఫోటోలకు హద్దు లేకుండెను. పిదప మెయిలు, డ్రైవు, ఫోటోలు అన్నిటికిని కలిపి ఉచితముగా 15 జి.బి. మాత్రమే. రెండేండ్లు ముట్టని ఖాతాలను తీసివేయవచ్చునను నియమమును 2023లో ప్రకటించిరి. చనిపోయిన తండ్రి ఖాతాలో ఫోటోలున్నచో కుమారులు ఈ మాట మరువరాదు. కనుక మిక్కిలి ముఖ్యమైనవానిని పెన్‌డ్రైవునకో హార్డ్‌డిస్కునకో వేరుగ ఎక్కించి, తెరచి చూచి, కనబడుచున్నదని రూఢి చేసికొనిన తరువాతనే ఫోనునుండి తీయవలెను.

ఐదవది యాపులు. వాడని వానిని తీసివేయుటకు మనసొప్పనిచో, 2024లో వచ్చిన ఆండ్రాయిడు 15నుండి ఆర్కైవ్ అను సదుపాయము ఫోనులోనే కలదు. యాపులో అధికభాగమును తొలగించి మన లెక్కను మాత్రము అది నిలుపును. కావలసినప్పుడు మరల దింపుకొనవచ్చును.

కడపటిది హెచ్చరిక. ఒక్క నొక్కుతో ఫోనును శుభ్రము చేసెదమని చెప్పు యాపులు అనేకములు. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము నిషేధించిన 59 యాపులలో క్లీన్ మాస్టర్, డీయూ క్లీనర్ వంటి శుభ్రపరచు యాపులును ఉండెను. ఇల్లు ఊడ్చువానికి ఇంటి తాళములన్నియు ఇయ్యవలసి వచ్చును. తెలియనివానికి ఇయ్యరాదు. ఫోనుతో వచ్చిన సాధనములే మనకు చాలును.

కచేరి పద్ధతిని ఇంటికి తెచ్చికొనుట మరియు మంచిది. ఊరి బొమ్మలు, పెద్దల మాటలు, భూమి కాగితములు, సర్వీసు కాగితములు శాశ్వతము. పెండ్లి వీడియోలు, పిల్లల చదువు కాగితములు పదేండ్లు. శుభాకాంక్షలు, హాస్యములు, ఎవరెవరో పంపిన వార్తలు సాయంకాలమువరకు. నెలకొకసారి అమావాస్యనాడో జీతము దినముననో అర్ధగంట కూర్చున్న చాలును.

గ్రంథాలయమునకు విన్నపము

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్కరు చేసికొనదగినది. ఒక్కరు చేయలేనిది కొంత కలదు. దానిని మన గ్రంథాలయము చేయగలదు.

రజతోత్సవ జ్ఞాపకార్థముగా పాలకవర్గమువారు రెండు హార్డ్‌డిస్కులు కొని, ఒకటి గ్రంథాలయమునందును, మరియొకటి వేరొక చోటను ఉంచవలెనని నా మనవి. సంవత్సరమునకొక దినము చందాదారులందరు ఫోనులతో వచ్చి, లేచిపోయిన ఊళ్ల బొమ్మలు, గనులలో పనిచేసిన పెద్దలు చెప్పిన సంగతులు, జాతరల పాటలు అందు ఎక్కింపవలెను. ఇంటి గుట్టు ఇంటనే యుండనిండు, ఊరి సొత్తు మాత్రమే తెండు. ప్రతిదానికి ఎవరు, ఎచ్చట, ఎన్నడు అను మూడు మాటలు రిజిస్టరులో వ్రాయవలెను. పేరు లేని బొమ్మ పదేండ్లకు ఎవరిదో తెలియదు. ఐదేండ్లకొకసారి క్రొత్త డిస్కునకు ప్రతి తీయించి సరిచూడవలెను. తాటియాకునకు పురుగు పట్టినట్లు యంత్రములకును ముసలితనము వచ్చును.

అట్లు చేసిననాడు చందాదారులు నిశ్చింతగా తమ ఫోనులు ఖాళీ చేసికొనవచ్చును. విడుచుటకు ధైర్యము ఉంచినవానికే కలుగును. సింగన రామగిరిలో కూర్చి ఏరి పెట్టినది ఆరువందల యేండ్ల పిదప మనకు దక్కినది. మనము ఏరి పెట్టినది మన గ్రంథాలయ స్వర్ణోత్సవము నాటికైనను మన పిల్లలకు దక్కవలెనని కోరుచు విరమించుచున్నాను.